హరిశ్చంద్రుడి పద్యాన్ని ఎవరు మింగారు?

అర్ధరాత్రి దాటి గంటయింది. తీర్థంలో జీళ్ల కొట్లు సర్దేశారు. రంగులరాట్నం ఆగిపోయింది. పిల్లలు చాపల మీదే నిద్రపోయారు. పెద్దవాళ్లు మాత్రం దుప్పట్లు కప్పుకుని అలాగే కూర్చున్నారు. ఇంకాసేపట్లో కాటి సీను మరి. దాని కోసమే కదా పొరుగూళ్ల నుంచి అంతమంది వచ్చింది!

హార్మోనియం శ్రుతి అందుకుంది. భుజాన కర్రతో హరిశ్చంద్రుడు వచ్చాడు. రాగం ఎత్తుకున్నాడు. రాగం బ్రహ్మాండంగా వినిపించింది. కొబ్బరి చెట్లకు కట్టిన హారన్లలోంచి చేల మీదుగా పక్క ఊరి దాకా పోయింది. ఆ వెనకే రావాల్సిన పద్యమే రాలేదు. అంటే, శబ్దం వచ్చింది. అక్షరాలు రాలేదు. ఆ... ఈ... ఓ... అని ఎవరో దుప్పటి ముసుగులోంచి పాడుతున్నట్టుంది.

‘‘గొంతు పోయిందండీ పాపం, ఆయనకి’’ అన్నాడు ముందు వరసలో ఒకాయన.

‘‘ఆయ్. వయసు మీద పడింది కదండీ మరి’’ అన్నాడు పక్కాయన.

‘‘వచ్చే ఏడాదికి ఇంకో ట్రూపుని మాట్లాడదావండీ’’ అని తేల్చేశాడు కమిటీ పెద్ద.

పందిరి పక్కన బల్ల మీద ఆంప్లిఫయరు ముందు కూర్చున్న మైకు కుర్రాడికి ఆ మాటలు వినపడ్డాయి. గాభరాగా ట్రెబుల్ నాబు తిప్పాడు. అక్షరాలు కొంచెం తేలినట్టే తేలి, కుయ్యిమని హారన్లన్నీ ఒక్కసారి కూశాయి. నిద్రపోతున్న పిల్లలు లేచి ఏడుపు లంకించుకున్నారు. నాబు మళ్లీ వెనక్కి. హరిశ్చంద్రుడు మళ్లీ దుప్పటి ముసుగులోకి.

ఇది ఫలానా ఊళ్లో ఫలానా రోజు జరిగిందని కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట... కోనసీమలో ఏ మూల తీర్థానికి వెళ్లినా, నాటకమో హరికథో బుర్రకథో ఉన్నచోట ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సంగతే. పెట్టె మంచిదే. మైకు కొత్తదే. హారన్లు బాగానే మోగుతున్నాయి. గాయకుడి గొంతు కూడా నిక్షేపంలా ఉంది. మరి అక్షరాలేమయ్యాయి? అవి మైకుకీ పెట్టెకీ మధ్య పోయాయి. ఆ దొంగ పేరు ఇంపెడెన్స్ తేడా. మైకు సెట్టు వాళ్ల భాషలో ‘మ్యాచింగ్ కుదరలేదు’.

ఆ మాట వినగానే చాలామంది చేసే తప్పు ఒకటుంది. దాన్ని తర్వాత చూద్దాం. ముందు మైకు ఏం చేస్తుందో తెలియాలి.

మైకుల్లేని రోజుల్లో పద్యనాటక నటుడికి గొంతే మైకు. చివరి వరసలో చుట్ట కాల్చుకుంటున్న రైతుకీ మాట స్పష్టంగా వినపడాలి. అందుకే ఆ పై శ్రుతి, ఆ ఒత్తి పలకడం. కల్యాణం రఘురామయ్య (1901-1975) గొంతుతోపాటు ఈలతోనూ పద్యాలు పాడి ‘ఈలపాట’ అనే ఇంటిపేరే సంపాదించుకున్నారు. తర్వాత మైకు వచ్చింది. గొంతు చించుకోవాల్సిన పని తప్పింది. కానీ ఆ క్షణం నుంచీ నటుడి పేరు ప్రతిష్ఠలు పందిరి పక్కన కూర్చున్న కుర్రాడి చేతిలోకి వెళ్లిపోయాయి. ఆ సంగతి ఇద్దరిలో ఏ ఒక్కరికీ చాలాకాలం సరిగ్గా తెలిసినట్టు లేదు.

స్టేజీల మీద ఎక్కువగా కనిపించేది డైనమిక్ మైకు. జాలీ వెనక పల్చటి పొర, దానికి అతికించిన సన్న తీగ చుట్ట, ఆ చుట్ట చుట్టూ అయస్కాంతం. గాలి అదిరితే పొర అదురుతుంది, పొరతో చుట్ట కదులుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. ఎంత? మైకుకి కాస్త ఎడంగా నిలబడి పాడితే ఒకటి రెండు మిల్లీవోల్టులు. అంటే వోల్టులో వెయ్యో వంతు! టార్చిలైటు బ్యాటరీ ఒకటిన్నర వోల్టులు. ఈ లెక్కన హరిశ్చంద్రుడి శోకమంతా ఒక బ్యాటరీలో సుమారు వెయ్యో వంతే. ఆ కాస్తనీ జాగ్రత్తగా పెట్టె దాకా చేర్చాలి. పెట్టెలో మొదటి మెట్టు, అంటే ప్రీఆంప్లిఫయరు దాన్ని కొన్ని వందల రెట్లు పెంచుతుంది. ఆ తర్వాతి మెట్లు హారన్లను మోగించేంత బలం ఇస్తాయి. దారిలో పోయినదాన్ని మాత్రం ఏ మెట్టూ తిరిగి తేలేదు.

ఇక ఇంపెడెన్స్. పాఠ్యపుస్తకాల్లో ‘అవరోధం’ అంటారు. ఆలివర్ హెవిసైడ్ అనే ఇంగ్లిషాయన 1886లో ఈ పేరు పెట్టాడు. కొలత ఓమ్‌లలో. మైకు వైపు ఒక అవరోధం, పెట్టె వైపు ఒక అవరోధం. ఈ రెంటికీ సంబంధం అర్థం కావాలంటే పెరట్లో బావి చూస్తే చాలు.

బావికి ఊట ఉంటుంది. ఊట జోరుగా ఉన్న బావిలో మోటారు పెట్టి తోడినా నీటి మట్టం తగ్గదు. ఊట మందంగా ఉన్న బావిలో అదే మోటారు పెట్టండి. పావుగంటలో అడుగు కనిపిస్తుంది. అదే బావిలో చేదతో, తీరుబడిగా తోడుకుంటే? మట్టం ఉన్నచోటే ఉంటుంది. మైకు ఇచ్చే వోల్టేజి బావిలో నీటి మట్టం. మైకు అవరోధం ఎంత ఎక్కువైతే ఊట అంత మందం. పెట్టె అవరోధం ఎంత తక్కువైతే తోడే మోటారు అంత పెద్దది. మట్టం పడిపోకూడదంటే ఊట జోరుగా ఉండాలి, తోడేది కొద్దిగా ఉండాలి. అంటే మైకు అవరోధం తక్కువ, పెట్టె అవరోధం ఎక్కువ.

లెక్క కూడా తేలికే. మైకు 200 ఓమ్‌లు, పెట్టె మైకు సాకెట్టు 4,700 ఓమ్‌లు (వెనక ‘4.7 కె’ అని రాసి ఉంటుంది). అప్పుడు మైకు పుట్టించిన వోల్టేజిలో 96 శాతం పెట్టెకి అందుతుంది. అదే పెట్టె కూడా 200 ఓమ్‌లే అయితే అందేది సరిగ్గా సగం.

ఇప్పుడు చాలామంది చేసే ఆ తప్పు. మ్యాచింగ్ అంటే రెండూ సమానంగా ఉండటం అనుకుంటారు. పెళ్లి సంబంధంలా ఇటు ఎంతో అటూ అంతే! ఈ నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. ఇచ్చేవైపు నిరోధం, పుచ్చుకునేవైపు నిరోధం సమానమైతే గరిష్ఠ శక్తి చేరుతుందని 1840 ప్రాంతంలో జాకోబీ అనే శాస్త్రవేత్త చెప్పాడు. అది నిజం. తర్వాత టెలిఫోను కంపెనీలు మైళ్ల కొద్దీ తీగలు లాగినప్పుడు ఆ సూత్రాన్నే పట్టుకుని రెండు కొసల్లోనూ 600 ఓమ్‌లు పెట్టాయి. వాళ్ల అవసరం అది. పాత వాల్వుల పెట్టెల్లోనూ స్పీకర్లకి 4, 8, 16 ఓమ్‌లని వేరువేరు బిగింపులుండేవి. ఎనిమిదికి ఎనిమిది, పదహారుకి పదహారు. ఆ అలవాటు చేతుల్లో ఉండిపోయి మైకు దగ్గరా అదే సూత్రం అనుకున్నారు. కానీ మైకు దగ్గర కావలసింది శక్తి కాదు, వోల్టేజి. పుచ్చుకునేవైపు అవరోధం ఇచ్చేవైపు కన్నా కనీసం ఐదు రెట్లు, వీలైతే పది రెట్లు పైన ఉండాలి. మైకు విషయంలో మ్యాచింగ్ అంటే సమానం కావడం కాదు, సరైన ఎక్కువ తక్కువల్లో ఉండటం. పేరు చూసి మోసపోకూడదు.

అయితే పెట్టె అవరోధం లక్షల్లో పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా? హరిశ్చంద్రుడు దుప్పటి కప్పుకున్నది అక్కడే.

మైకుల్లో రెండు జాతులున్నాయి. లో ఇంపెడెన్స్ మైకులు 150 నుంచి 600 ఓమ్‌ల వరకూ ఉంటాయి. హై ఇంపెడెన్స్ మైకులు పదివేల నుంచి యాభై వేల ఓమ్‌ల వరకూ. చుట్ట అదే. రెండో జాతిలో మైకు లోపలే ఓ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజిని పెంచుతారు. ఊరికే పెరగదుగా, దాంతోపాటు అవరోధమూ పెరుగుతుంది. వోల్టేజి పది రెట్లయితే అవరోధం వంద రెట్లు. వాల్వుల పెట్టెల కాలంలో ఇదే చవకైన దారి. కొన్ని పేరున్న మైకులకు రెండు రకాలకూ వీలుగా స్విచ్చి ఉండేది. పాత సినిమాల్లో, ఎల్విస్ ప్రెస్లీ ఫొటోల్లో కనిపించే పక్కటెముకల్లాంటి మైకు గుర్తుందా? షూర్ కంపెనీ 1951లో తెచ్చిన 55ఎస్. దాని వెనక మూడు అవరోధాలకు మూడు స్థానాల స్విచ్చి ఉండేది.

హై ఇంపెడెన్స్ మైకుని పెట్టె పక్కనే పెట్టుకుని, రెండు మూడు మీటర్ల తీగతో మాట్లాడితే ఏ తంటా లేదు. తీర్థంలో అలా కుదరదు. పెట్టె పందిరి పక్కన, మైకు స్టేజీ మధ్యలో దూలానికి వేలాడుతూ. మధ్యలో ముప్ఫై మీటర్ల షీల్డు తీగ.

ఈ తీగలో ఉంది కిటుకు. లోపల ఒక తీగ, చుట్టూ జల్లెడలా అల్లిన రాగి పొర, మధ్యలో ప్లాస్టిక్కు. రెండు లోహాల మధ్య ప్లాస్టిక్కు ఉంటే అది కెపాసిటరే. మీటరుకి వంద పికోఫారడ్‌ల దాకా ఉంటుంది. ఈ పేరుతో భయపడక్కర్లేదు. కాలువ శివారు రైతుకి ఇది పుట్టుకతో తెలిసిన విషయం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టాలో ఉన్న తగువే ఇది. తూము తెరిస్తే నీళ్లు వెంటనే శివారు చేను చేరవు. ముందు బోదె తడవాలి, నిండాలి. ఆ తర్వాతే చివరి చేనుకి. తూము చాలాసేపు తెరిచి ఉంచితే శివారుకీ అందుతాయి. ఇలా తెరిచి అలా మూసి, మళ్లీ తెరిచి మూస్తే? బోదె సగం నిండేలోపే మూత పడుతుంది. శివారు చేనుకి చుక్క రాదు. తూము వెడల్పుగా ఉంటే మాత్రం కాసేపట్లోనే బోదె నిండి, ఎంత గబగబా తెరిచి మూసినా ఆ ఎత్తుపల్లాలు చివరిదాకా తెలుస్తాయి.

తీగ ఆ బోదె. మైకు అవరోధం ఎక్కువైతే తూము ఇరుకు. బొంగురు శబ్దాలు, అచ్చులు, రాగాలు... ఇవి నిదానంగా ఊగేవి. శివారుకి చేరతాయి. సెకనుకి వేలసార్లు ఊగే సన్న శబ్దాలు బోదెలోనే ఇంకిపోతాయి. 50 వేల ఓమ్‌ల మైకు, ముప్ఫై మీటర్ల తీగ ఉంటే కోత సెకనుకి సుమారు వెయ్యి కంపనాల దగ్గరే మొదలవుతుంది. ఐదు వేల కంపనాల దగ్గరికొచ్చేసరికి మిగిలేది ఐదో వంతు. అదే తీగకి 200 ఓమ్‌ల మైకు తగిలిస్తే కోత రెండు లక్షల అరవై వేల కంపనాల దగ్గర మొదలవుతుంది. మనిషి చెవికి వినపడేది ఇరవై వేల దాకానే. అంటే ఆ మైకుకి ముప్ఫై మీటర్లు ఒక లెక్కే కాదు.

ఐదు వేల కంపనాల దగ్గర ఏముంటుందట? శ, ష, స. చ, ఛ. ట, త ల చివర వచ్చే ఆ చిటికె. మాటకి ఎముకల్లాంటివన్నీ ఉండేది అక్కడే. అవి పోతే ‘సీత’ కాస్తా ‘ఈత’ అవుతుంది. ‘శేషు’ ‘ఏఉ’ అవుతాడు. మాటకే ఇంత నష్టమైతే పద్యం సంగతి చెప్పాలా? పద్యానికి ప్రాణం యతిప్రాసలు. చ, జ లతో శ, ష, స లకు యతిమైత్రి ఉందని ఛందస్సు చెబుతుంది. ఆ మైత్రి కోసం కవి ఎంత తంటాలు పడ్డాడో! ఆ అక్షరాలే తీగలో ఇంకిపోతే శ్రోతకి మిగిలేది రాగం మాత్రమే. పద్యం బదులు కూనిరాగం విన్నట్టు. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకమైనా, కాటి సీనులో కలిపి పాడే జాషువా పద్యాలైనా అంతే సంగతులు.

మరి ట్రెబుల్ పెంచితే ఎందుకు కూసింది? ఐదో వంతుకు పడిపోయినదాన్ని పైకి లేపాలంటే ఐదు రెట్లు పెంచాలి. నాబుకి ‘స’ అక్షరం ఏదో, గీతలు పడ్డ జాక్ గరగర ఏదో, హారన్లోంచి తిరిగొచ్చి మైకులో పడ్డ శబ్దం ఏదో తెలీదు. అన్నిటినీ పెంచేస్తుంది. హారన్లు కూడా సహజంగానే ఆ సన్న శబ్దాల దగ్గర చురుకైనవి. మైకులోంచి హారన్‌కి, హారన్‌లోంచి మైకుకి శబ్దం గిరగిరా తిరిగి చివరికి ఒక్క కూతగా మారుతుంది. మైకు దగ్గర తప్పుని నాబు దగ్గర దిద్దబోతే జరిగేదింతే.

ఇలాంటప్పుడు తెలివైన కుర్రాళ్లు కొందరు హై ఇంపెడెన్స్ మైకుని తీసి 4.7 కె సాకెట్లో పెడతారు. తమాషాగా అక్షరాలు కొంత తేలతాయి. పెట్టె తక్కువ అవరోధంతో లాగుతుంది కాబట్టి తీగ ప్రభావం తగ్గుతుంది. కానీ ఇప్పుడు ఊట లేని బావిలో పెద్ద మోటారు పెట్టినట్టయింది. అందేది దాదాపు పన్నెండో వంతు. వాల్యూము చివరిదాకా తిప్పితే జుయ్యిమని హోరు, దాంతోపాటు జనరేటరు గుర్రు. గుర్రు ఎక్కణ్నుంచి వచ్చిందంటే, మైకు తీగని సీరియల్ బల్బుల వైరుతో కలిపి ఒకే వెదురుకి చుట్టారు మరి!

దీనికి పూర్తిగా తిరగబడ్డ జబ్బు ఇంకొకటుంది. అది క్రిస్టల్ మైకుది. 1930లలో అమెరికాలో బాగా వ్యాపించిన ఈ మైకుల్లో రోషెల్ ఉప్పు స్ఫటికం ఉండేది. దాన్ని నొక్కితే కరెంటు పుడుతుంది. అయస్కాంతం అక్కర్లేదు, చవక, పైగా ఎక్కువ వోల్టేజి. కానీ అది మంటకు, చెమ్మకు ఆగదు. 55 డిగ్రీలు దాటితే పాడైపోతుంది. గాల్లో తేమ తగిలితే కరగడం మొదలుపెడుతుంది. గోదావరి పాయల మధ్య, సముద్రం ఒడ్డున, వర్షాకాలంలో బీరువాలో బట్టలకే బూజు పట్టే కోనసీమలో ఉప్పుతో చేసిన మైకు బతికి బట్టకట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అది బాగున్నన్నాళ్లూ కూడా దానికి పది లక్షల ఓమ్‌ల సాకెట్టు కావాలి. 4.7 కె లో పెడితే ఈసారి పోయేది సన్న శబ్దాలు కాదు, బరువైన శబ్దాలు. హరిశ్చంద్రుడి గంభీర స్వరం రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు వస్తుంది. మృదంగానికో వయొలిన్‌కో అతికించే పికప్పులదీ ఇదే తత్వం. వాటికి మధ్యలో ఓ చిన్న మార్పిడి పెట్టె లేకపోతే వయొలిన్ దోమలా పాడుతుంది.

చేతిలో సెల్‌ఫోనులో ఇంత చిన్న మైకు అంత బాగా ఎలా పనిచేస్తుందంటే, తన లోపలే ఈ తగువు తీర్చుకుని వస్తుంది కాబట్టి. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ తయారుచేసిన ఎలక్ట్రెట్ మైకు దానికి పూర్వీకురాలు. దాని అసలు అవరోధం విపరీతం. అందుకే పొర వెనకే ఓ బుల్లి ట్రాన్సిస్టరు కూర్చోబెట్టారు. బయటికొచ్చేసరికే అవరోధం తగ్గిపోయి ఉంటుంది.

మళ్లీ స్టేజీ మీదికి వస్తే, తరచూ కనపడే తప్పు ఇంకొకటి. పెట్టెకి సాకెట్లు చాలక రెండు మైకుల తీగలు కలిపి ఒకే జాక్‌కి అతికించేయడం. చంద్రమతికొకటి, హరిశ్చంద్రుడికొకటి. చంద్రమతి మాట్లాడనప్పుడు ఆమె మైకు ఊరుకుంటుందా? 200 ఓమ్‌ల బరువుగా మారి హరిశ్చంద్రుడి మైకుని పట్టి కిందికి లాగుతుంది. అతని వోల్టేజిలో సగం పోతుంది. ఆమె పాడినప్పుడు అతని మైకు అదే పని చేస్తుంది. కాటి సీనులో ఒకరినొకరు గుర్తుపట్టక ముందే ఇలా బదులు తీర్చుకుంటారన్నమాట. చిన్న మిక్సరు ఒకటి ఉంటే ఈ బాధే ఉండదు.

హారన్ల వైపు సంగతి పొడుగైనది కానీ ఒక్క ముక్క చెప్పుకోవాలి. పెట్టె నుంచి రెండు వందల మీటర్ల దూరంలో కొబ్బరి చెట్టుకి కట్టిన 8 ఓమ్‌ల హారన్‌కి మామూలు సన్న తీగ లాగితే, రానూపోనూ ఆ తీగ నిరోధమే ఏడు ఓమ్‌ల దాకా ఉంటుంది. పెట్టె ఇచ్చిన శక్తిలో దాదాపు సగం తీగని వెచ్చబెట్టడానికే సరి. అందుకే దూరపు హారన్లకి వంద వోల్టుల లైను, హారన్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్. పది వాట్ల హారన్ అప్పుడు వెయ్యి ఓమ్‌లుగా కనిపిస్తుంది, దాని ముందు తీగ ఏడు ఓమ్‌లు లెక్కలోకి రాదు. ఇది దాదాపు మైకు సెట్టు వాళ్లందరికీ తెలుసు. హారన్ దగ్గర అంత జాగ్రత్త తీసుకునే వాళ్లే మైకు దగ్గర పిన్ను పడితే చాలనుకోవడమే విచిత్రం. హారన్ తప్పయితే పెట్టె కాలి పొగొస్తుంది. మైకు తప్పయితే ఏదీ కాలదు. పాడేవాడి పేరొక్కటే పోతుంది.

పోయేది పేరు మాత్రమే అయితే సరిపెట్టుకోవచ్చు. కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. ప్రభల్ని భుజాన మోస్తూ కౌశికలో దిగి దాటించే వేళ ఇసకేస్తే రాలని జనం. 2023 రిపబ్లిక్ దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వెళ్లింది ఈ తీర్థమే. అంతర్వేది రథోత్సవం, కొత్తపేట ప్రభలు... జనం సంగతిలో ఏవీ తీసిపోవు. ఇలాంటి చోట మైకు చేసే అతి ముఖ్యమైన పని పాట కాదు, తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పడం. ఐదేళ్ల శశి మంచె పక్కన ఏడుస్తూ నిలబడి ఉంటుంది. మైకులో పేరు చెబుతారు. హారన్లోంచి ‘అఇ’ అని వస్తుంది. రెండు వందల గజాల దూరంలో వాళ్లమ్మ ఆ పిలుపు వింటూనే ఉంటుంది, అది తన బిడ్డ పేరని తెలియక ఇంకోవైపు వెతుకుతూ ఉంటుంది.

1995 జనవరిలో మొదలై 65 రోజులు మండిన పాశర్లపూడి బ్లోఅవుట్‌నీ, 1996 నవంబరు 6 తుఫానునీ, ఏటా లంకల్ని ముంచే వరదల్నీ చూసిన నేల ఇది. ఎవరు, ఎప్పుడు, ఏ గట్టు మీదికి వెళ్లాలో చెప్పే మాటలో ఒక్క అక్షరం పోయినా ఊరి పేరు మారిపోతుంది.

మందు ఖరీదైనదేం కాదు. మైకు మెడ మీదో డబ్బా మీదో ఎన్ని ఓమ్‌లో రాసి ఉంటుంది, చూడటం. పొడుగు తీగ లాగాల్సి వస్తే లో ఇంపెడెన్స్ మైకే వాడటం. దానికి మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ తీగ వాడితే సీరియల్ బల్బుల గుర్రు కూడా రెండు తీగల్లో సమానంగా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పెట్టె పాతదై హై ఇంపెడెన్స్ సాకెట్టే ఉంటే మధ్యలో ఒకటికి పది మైకు ట్రాన్స్‌ఫార్మర్. అది పెట్టాల్సింది మైకు దగ్గర కాదు, పెట్టె దగ్గర. మైకు దగ్గర పెడితే తూముని మళ్లీ మొదట్లోనే ఇరుకు చేసినట్టే. ఈ ఒక్క చిన్న విషయంలో పొరపడి ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయదని పక్కన పడేసిన వాళ్లూ ఉంటారు. సముద్రపు గాలికి జాక్‌లు చిలుము పట్టి పచ్చబడతాయి కాబట్టి తీర్థానికి ముందు ఓసారి తుడుచుకోవాలి. ఏడాదంతా గోనెసంచిలో ఉన్న తీగ ఎక్కడ తెగిందో కూడా అప్పుడే తేలుతుంది.

ఇంకో సంగతి. మైకు పరీక్ష అనగానే అందరూ ‘హలో... హలో...’ అంటారు. హలోలో ఏముంది? అంతా అచ్చులూ ‘ల’కారమూ. ఎంత పాడైన సెట్టయినా హలోని చక్కగా పలుకుతుంది. ‘శశి, సీస పద్యం, చుక్కల చీర’ అని పరీక్షించాలి. అవి చివరి హారన్ దగ్గర నిలబడినవాడికి అర్థమైతే సెట్టు బాగున్నట్టు.

తీర్థం రెండో రోజు. మైకు కుర్రాడు పొద్దున్నే అమలాపురం వెళ్లి తనకి పని నేర్పిన గురువు గారి దగ్గర కూర్చున్నాడు. ఆయన పాత పెట్టెలోంచి అగ్గిపెట్టంత ట్రాన్స్‌ఫార్మర్ తీసి, ‘‘ఇదెక్కడ పెడతావురా?’’ అని అడిగాడు. ‘‘మైకు కాడండీ’’ అన్నాడు కుర్రాడు. నెత్తి మీద ఓ మొట్టికాయ పడింది. ఇంకో మైకు, మూడు పిన్నుల తీగ చేతికిచ్చి పంపాడాయన.

ఆ రాత్రి కాటి సీనులో పద్యం మొదలైంది. ‘శ’ శ లా వచ్చింది. ‘స’ స లా వచ్చింది. యతి పడ్డచోట ముసలాయన ఒకరు తొడ మీద దరువేశారు. చెరువు అవతల అరుగు మీద పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు. ‘వన్స్‌మోర్’ అని ఎవరో అరిచారు. హరిశ్చంద్రుడు మళ్లీ అందుకున్నాడు. ట్రెబుల్ నాబు ఉన్నచోటు నుంచి కదల్లేదు.

‘‘చూశారా, గొంతు తిరిగొచ్చేసింది’’ అన్నాడు కమిటీ పెద్ద. ‘‘పొద్దున్న మా ఇంటి నుంచి మిరియాల పాలు పంపించానండి. ఆయ్.’’